నీరు పల్లమెరుగు – నేలమాళిగలో స్నానపుగది

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. ఇందులోని మొదటి సగాన్ని మురుగుగొట్టాల శాస్త్రానికంతటికీ మూలసూత్రంగా భావించవచ్చును. ఇంటి మేడమీద ఎన్ని స్నానపుగదులు కట్టుకొన్నా, వాడిన నీరు తనంత తానే గొట్టాలలో దిగి, వీధి కాలువను వెదుక్కొంటూ వెళ్ళిపోతుంది. ఆ పనిని గురుత్వాకర్షణ శక్తి రాత్రింబవళ్ళు, జీతం లేకుండా, సెలవు అడగకుండా చేసిపెడుతున్నది.

స్నానపుగదిని నేలమట్టానికి క్రింద కట్టినప్పుడు చిక్కు వస్తుంది. అక్కడ ఆ గదే పల్లం. అక్కడినుండి నీరు పోవలసిన దారి ఎగువకు ఉన్నది. అంతవరకు సేవకురాలిగా ఉన్న గురుత్వాకర్షణ ఆ మెట్లు దిగగానే ప్రత్యర్థి అవుతుంది. నేలమాళిగలో స్నానపుగదిగాని, అతిథులకు పానీయాలు అందించే చిన్న కౌంటరుగాని ఏర్పాటు చేయదలచినవారు ముందుగా ఈ ఒక్క విషయాన్ని మనస్సులో నిలుపుకొంటే తక్కినవన్నీ సులభంగా అర్థమవుతాయి.

అమెరికాలోని మన బంధుమిత్రులు బేస్‌మెంటులో స్నానపుగదితోపాటు బారు కూడ కట్టించుకోవడం సామాన్యమైపోయినది. కువైట్‌లో మద్యం నిషిద్ధం కనుక ఇక్కడ బారు ప్రసక్తి లేదు. దివానియాకు వచ్చే అతిథులకు టీ, గహ్వా కలిపి ఇచ్చే సింకు ఆ స్థానాన్ని ఆక్రమిస్తున్నది. పాత్రలో ఉన్నది మద్యమైనా తేనీరైనా, కడిగిన నీటికి మాత్రం దారి ఒక్కటే!

సర్దాబ్ ముచ్చట

నేలమాళిగను ఇక్కడివారు "సర్దాబ్" అంటారు. ఇది పారశీక పదం. "సర్ద్" అంటే చల్లని, "ఆబ్" అంటే నీరు. మన "పంజాబు"లోని "ఆబ్" కూడ ఇదే. విద్యుత్తు లేని కాలంలో ఇరాన్, ఇరాక్ దేశాలలో వేసవి మధ్యాహ్నాలను గడపడానికి ఇళ్ళ క్రింద ఇటువంటి చల్లని గదులు త్రవ్వుకొనేవారు. ఈనాడు కువైట్ విల్లాలలో సర్దాబ్ ఒకచోట దివానియాగా, ఒకచోట పిల్లల ఆటగదిగా, మరొకచోట సామాను గదిగా, చాలచోట్ల ఇంటి పనివారి నివాసంగా ఉపయోగపడుతున్నది. మన తెలుగు సోదరసోదరీమణులు అనేకులు ఈ గదులలో నివసిస్తున్నారు. ఈ గొట్టాలు బిగించి, బాగుచేసే పనివారిలోను కడప, చిత్తూరు, గోదావరి జిల్లాలవారు ఉన్నారు. కనుక ఇది కేవలం ఇంటి యజమానులకు సంబంధించిన విషయం కాదు.

నాకీ విషయంపై ఆసక్తి కలగడానికి ఒక స్వానుభవం కారణం. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులు ముగించుకొని ఆగస్టు చివరలో తిరిగివచ్చాము. మేము అద్దెకుంటున్న విల్లాలో యజమాని సర్దాబును బాగుచేయించి ఒక స్నానపుగదిని, సింకును పెట్టించి ఉన్నాడు. రెండు నెలలపాటు మూసి ఉంచిన తలుపు తెరిచేసరికి కుళ్ళిన కోడిగుడ్ల వాసన గుప్పుమన్నది. హారిస్ ఎలుక చచ్చిందన్నాడు. యజమాని గొట్టం పగిలి ఉంటుందని, నేల త్రవ్వించడానికి సిద్ధమైనాడు. నేను నేలమీది జాలీలోను, సింకులోను, స్నానపుతొట్టిలోను తలా ఒక చెంబెడు నీళ్ళు పోయించి, తలుపులు తెరిపించి, ఒక్క రాత్రి ఆగమన్నాను. మరునాటికి వాసన చాలవరకు పోయినది. ఆ చెంబెడు నీళ్ళు చేసిన పని ఏమిటో తరువాత చెబుతాను. అంతకుముందు తెలుసుకోవలసినది మట్టం సంగతి.

మొదటి ప్రశ్న: మట్టం

టైల్సు రంగు ఎంచుకోవడానికి ముందే అడగవలసిన ప్రశ్న ఇది: ఇంటి మురుగు వీధిగొట్టంలో కలిసేచోట, ఆ గొట్టం అడుగు భూమికి ఎంత లోతున ఉన్నది? మేస్త్రీ చేతిలోని రసమట్టం, నీళ్ళు నింపిన పారదర్శకపు గొట్టం ఈ లెక్కకు చాలును.

ఒక ఉదాహరణ చూద్దాం. సర్దాబు నేల వీధికంటె 3 మీటర్లు దిగువన ఉన్నదనుకొందాం. నేలక్రింది గొట్టం మరొక 20 సెంటీమీటర్ల లోతున మొదలవుతుంది. వీధిగొట్టం 12 మీటర్ల దూరంలో ఉన్నది. మురుగుగొట్టానికి ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇవ్వడం వాడుక. వాలు మరీ తక్కువైతే ప్రవాహానికి మలినాలను ఈడ్చుకుపోయే వేగం చాలక అవి అడుగున నిలిచిపోతాయి. ఈ లెక్కన 12 మీటర్లకు 24 సెంటీమీటర్లు దిగాలి. అంటే మన గొట్టం వీధిని చేరేసరికి 3.44 మీటర్ల లోతున ఉంటుంది. వీధిగొట్టం 1.2 మీటర్ల లోతుననే ఉంటే, 2 మీటర్లకు పైగా తేడా! ఇక్కడ ఎంతటి నిపుణుడైన ప్లంబరు కూడ చేయగలిగినది లేదు. నీటిని ఎత్తిపోయవలసినదే.

గుంట, పంపు

ఇందుకోసం సర్దాబు నేలలో ఒక గుంటను నిర్మించి, స్నానపుగది, సింకుల గొట్టాలన్నిటినీ వాలుగా అందులోకి కలుపుతారు. గుంటలో ఒక పంపు, నీటితోపాటు పైకి తేలే ఒక ఫ్లోటు స్విచ్చి ఉంటాయి. నీరు ఒక మట్టానికి రాగానే పంపు దానంతట అదే నడిచి మురుగును పైకి నెట్టుతుంది. ఇందులో ముఖ్యమైన అంశాలు నాలుగు.

మొదటిది, పంపు మలమూత్రాలతో కూడిన నీటిని నెట్టగలిగినదై ఉండాలి. వాననీటికి వాడే మామూలు సంపు పంపు పనికిరాదు. వాన నీరు, భూమిలో ఊరే నీరు చేరే గుంట వేరు, మురుగు గుంట వేరు. ఈ రెండిటినీ ఎన్నడూ కలుపరాదు.

రెండవది, పైకి పోయే గొట్టంలో నీరు వెనుకకు రాకుండ ఒక నాన్‌రిటర్న్ వాల్వును, దానికి పైన మరమ్మతు సమయంలో మూసివేయడానికి ఒక గేటు వాల్వును బిగించాలి. ఆ గొట్టాన్ని వీధి మట్టానికంటె పైకి తీసుకుపోయి, అక్కడ వంచి, తరువాత క్రిందికి దించి వీధిగొట్టంలో కలపడం మేలు. వీధి కాలువ పొంగినప్పుడు ఆ నీరు ఈ వంపును దాటి రాలేదు. కువైట్‌లో సాలీనా కురిసే వర్షం సగటున 110 – 120 మిల్లీమీటర్లే. అయినా 2018 నవంబరులో కురిసిన కుండపోత వర్షాలకు రహదారులు ఏరులైన దృశ్యాన్ని ఆనాడు ఇక్కడ ఉన్నవారు మరువలేరు. ఎడారిలో వాన అరుదు కనుక దానిని మరచి ఇల్లు కట్టడమూ సులభమే.

మూడవది, గుంట మూత గాలి చొరబడనంత బిగువుగా ఉండాలి. గుంటలోని వాయువు పోవడానికి ఒక ప్రత్యేకమైన గొట్టం మేడమీదికి, కిటికీలకు దూరంగా, తెరిచి ఉండాలి.

నాల్గవది విద్యుత్తు. ఒక మనిషి రోజుకు 200 లీటర్ల నీరు వాడినాడనుకొని, దానిని 4 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తిని లెక్కిస్తే సుమారు 7,800 జౌళ్ళు మాత్రమే. పది వాట్ల దీపం 13 నిమిషాలు వెలిగితే అయ్యే ఖర్చు అది! పంపులోని నష్టాలను కలుపుకొన్నా అది స్వల్పమే. కనుక ఇక్కడ ఆలోచించవలసినది ఖర్చు గురించి కాదు, నమ్మకం గురించి. గురుత్వాకర్షణకు కరెంటు పోదు. పంపుకు పోతుంది. 2024 జూన్ మాసంలో ఎండల తీవ్రతకు కువైట్‌లో కొన్ని ప్రాంతాలకు వేళలు ప్రకటించి విద్యుత్తును నిలిపివేయవలసి వచ్చినది. కరెంటు లేని వేళ సర్దాబులోని కొళాయిని విప్పరాదన్న నియమాన్ని ఇంటిల్లిపాదీ ఎరిగి ఉండాలి. గుంట నిండినప్పుడు మ్రోగే గంటను, అది పైఅంతస్తులో వినిపించేటట్లు, అమర్చుకొంటే మరీ మంచిది.

ఇది ఒక్క ఇంటి సమస్యే కాదు. చదునైన నగరాలలో మురుగును మధ్యమధ్య ఎత్తిపోయక తప్పదు. 2009 ఆగస్టులో కువైట్‌లోని మిష్రిఫ్ పంపింగ్ కేంద్రం చెడిపోయినప్పుడు శుద్ధి చేయని మురుగును సముద్రంలోకి వదలవలసి వచ్చినది. నగరానికైనా నట్టింటికైనా సూత్రం ఒక్కటే. ఎత్తిపోతపై ఆధారపడినవారు అది ఆగే రోజును కూడ ముందుగా ఊహించుకోవాలి.

చెంబెడు నీటి కాపలా

ఇప్పుడు ఆ చెంబెడు నీళ్ళ సంగతి. ప్రతి సింకు క్రింద, ప్రతి నేలజాలీ క్రింద గొట్టం ఒకచోట క్రిందికి వంగి మళ్ళీ పైకి లేస్తుంది. దీనిని ట్రాప్ అంటారు. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. మురుగుగొట్టంలోని దుర్వాయువులకు, మనం పీల్చే గాలికి మధ్య ఉన్న అడ్డుగోడ ఆ నీరే. దాని లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాలు.

వాతావరణ పీడనం సుమారు 10.3 మీటర్ల నీటిస్తంభానికి సమానం. 50 మిల్లీమీటర్లు అందులో రెండువందలవ వంతు. గొట్టంలో పీడనం ఆపాటి మారినా ఆ కాపలా తొలగిపోతుంది. ఒక్కసారిగా నీరు దిగినప్పుడు అది పిచికారీలోని పిడివలె తన వెనుకనున్న గాలిని లాగుతుంది. ఆ లాగుడుకు ట్రాప్‌లోని నీరు కూడ కొట్టుకుపోతుంది. సింకు ఖాళీ అయ్యేటప్పుడు వినిపించే గుడగుడ శబ్దం అదే. దీనిని నివారించడానికే ప్రతి మురుగుగొట్టానికి గాలి అందించే వెంట్ పైపు అవసరం. సర్దాబులో సింకును గోడకు దూరంగా, గది నడుమ పెట్టుకోవాలని ముచ్చటపడేవారు వెంట్ పైపు ఎటునుండి పోతుందో ముందే అడగాలి.

మా ఇంట జరిగినది మరొకటి. ట్రాప్‌లోని నీరు ఆవిరైపోయినది. రోజుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున తగ్గినదనుకొన్నా 50 మిల్లీమీటర్లకు 50 రోజులు చాలు. మన వేసవి సెలవు సరిగ్గా అంతే! ఎయిర్ కండిషనరు నడిచే గదిలో గాలి పొడిగా ఉండి ఆవిరి కావడం మరింత వేగవంతమవుతుంది. ఇందుకు చికిత్స అతి సులభం. ఊరికి వెళ్ళేముందు ప్రతి జాలీలోను నీరు నిండుగా పోసి, పైన రెండు చెంచాల లిక్విడ్ పారఫిన్ వేయాలి. అది నీటిపై పలుచని పొరగా తేలి ఆవిరిని అరికడుతుంది. వంటనూనె కూడ పనిచేస్తుందిగాని కొంతకాలానికి కారుతుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చల్లని సర్దాబులో అదే గొట్టానికి బిరడా అవుతుంది.

వాసన తెలియని ప్రమాదం

కుళ్ళిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువుది. ప్రాణవాయువు అందని మురుగులో కొన్ని బాక్టీరియాలు నీటిలోని సల్ఫేటు లవణాలను విచ్ఛిన్నం చేసి దీనిని విడుదల చేస్తాయి. వెచ్చదనం పెరిగేకొద్దీ ఈ చర్య వేగం పుంజుకొంటుంది. కువైట్ నేలలోని ఉప్పునీటిలో సల్ఫేటుకు కొదవలేదు. వేడికి అసలే కొదవలేదు.

ఈ వాయువు అణుభారం 34. గాలి సగటు అణుభారం 29. అంటే గాలికంటె సుమారు ఆరవ వంతు బరువు. గాలి కదలిక లేనిచోట ఇది పల్లాన్ని వెదుక్కొంటుంది. నీటికి చెప్పిన సామెత దీనికీ వర్తిస్తుంది. సర్దాబు ఒక పల్లమైతే, అందులోని మురుగు గుంట పల్లంలో పల్లం.

పది లక్షల భాగాల గాలిలో ఒక భాగంకంటె తక్కువగా ఉన్నా మన ముక్కు దీనిని పసిగట్టగలదు. కాని సుమారు 100 భాగాలకు చేరేసరికి ఘ్రాణశక్తి మొద్దుబారుతుంది. వాసన పోయినదని మనిషి సంతోషిస్తాడు. నిజానికి పోయినది వాసన కాదు, వాసన చూసే శక్తి. 500 భాగాలు దాటితే ప్రాణాపాయం. 1,000 భాగాల దగ్గర కొద్ది ఊపిరులలోనే మనిషి కూలిపోతాడు. ఇది కణాలు ప్రాణవాయువును వినియోగించుకొనే ప్రక్రియనే స్తంభింపజేస్తుంది.

నేను చెప్పిన ఆ సర్దాబులోనే, వారం తరువాత, గుంటలోని పంపు ఆగిపోయినది. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు మన తెలుగువాడే. మూత తీసి, లోపలికి తొంగిచూసి, "ఫ్లోటు ఇరుక్కుంది సార్, ఒక్క నిమిషం పని, దిగి తీసేస్తా" అని ఒక కాలు లోపల పెట్టబోయినాడు. "వద్దు తమ్ముడూ, దిగొద్దు" అని చేయి పట్టుకొని వెనుకకు లాగవలసి వచ్చినది. "ఏం కాదు సార్, రోజూ చేసే పనే. పొద్దున వాసనుండె, ఇప్పుడు అదికూడా లేదు" అన్నాడు. ఆ మాటకు నా ఒళ్ళు జలదరించినది. ఒక పొడవాటి కర్రకు కొక్కెం కట్టి ఫ్లోటును పైనుండే విడదీశాము. పని ముగియడానికి పావుగంట పట్టినది. ఆ పావుగంటను ఆదా చేయబోయి ప్రాణాలు కోల్పోయినవారు లోకంలో ఎందరో ఉన్నారు. ఒకరు పడిపోగా, రక్షించడానికి వెంటనే దిగిన రెండవవాడు, అతని వెనుక మూడవవాడు మరణించిన సందర్భాలు మన దేశపు వార్తాపత్రికలలో తరచు చూస్తూనే ఉన్నాము. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి మనుషులను దింపి శుభ్రం చేయించడాన్ని భారతదేశం 2013 నాటి చట్టంలో నిషేధించినది. చట్టం ఉన్నా, చేయి పట్టుకొని లాగే మనిషి కూడ అవసరమే.

ఇక్కడ రసాయన శాస్త్రం చెప్పే మరొక హెచ్చరిక. మురుగునీటిలో కరిగి ఉన్న సల్ఫైడులో వాయురూపంలో వెలువడగల భాగం ఎంత అన్నది నీటి ఆమ్లత్వంపై ఆధారపడుతుంది. నీరు తటస్థంగా ఉన్నప్పుడు అది సుమారు సగం. ఆమ్లత్వం పెరిగితే దాదాపు మొత్తం వాయువుగా బయటపడడానికి సిద్ధమవుతుంది. కనుక గుంట వాసన వేస్తున్నదని అందులో టాయిలెట్లు కడిగే ఆమ్లాన్ని పోయడం నిప్పులో నెయ్యి పోయడమే. అదే ఆమ్లాన్ని క్లోరిన్ బ్లీచ్‌తో కలిపితే విషతుల్యమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికంటె దాదాపు రెండున్నర రెట్లు బరువు. కిటికీ లేని సర్దాబు స్నానపుగదిలో ఈ రెండిటినీ ఒకేపూట వాడనే వాడరాదు. గదులు శుభ్రం చేసే మన అక్కచెల్లెళ్ళకు ఈ ఒక్క మాటను అందరూ చెప్పవలెనని మనవి.

గోడవతల నీరు

కువైట్‌లో 1953లో షువైఖ్ వద్ద సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారం ప్రారంభమైనది. అంతకుముందు షత్ అల్ అరబ్ నుండి పడవలలో నీరు తెచ్చుకొన్న దేశమిది. నీరు సమృద్ధమైన తరువాత తోటలకు పెట్టిన నీరు, గొట్టాలనుండి కారిన నీరు భూమిలోకి ఇంకి, కొన్ని నివాస ప్రాంతాలలో భూగర్భజల మట్టం పైకి లేచినది. ఇక్కడి నేలలో "గచ్" అనే గట్టి పొర ఉన్నది. ఈ పేరు వినగానే మన "గచ్చు" గుర్తుకురాక మానదు. ఆ పొర నీటిని సులభంగా క్రిందికి దిగనీయదు.

కనుక సర్దాబు నేలను త్రవ్వి గుంట పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, నేలక్రింద పరచిన జలనిరోధక పొరను కోసినచోట మళ్ళీ అతికించడం. ఇది మరచిపోతే గోడవతలి నీరు ఇంటిలోకి దారి చేసుకొంటుంది. రెండు, ఫైబరు తొట్టిని గుంటలో దించితే దాని చుట్టూ కాంక్రీటు వేసి బంధించడం. చుట్టూ నీరు ఊరినప్పుడు 200 లీటర్ల ఖాళీ తొట్టిని 200 కిలోల బలం పైకి నెట్టుతుంది. ఆర్కిమెడిస్ సూత్రానికి సర్దాబులో మినహాయింపు లేదు.

కాంక్రీటుకూ శత్రువులున్నారు. నేలలోని సల్ఫేటు సిమెంటుతో కలిసి, పరిమాణంలో ఉబ్బే లవణాలుగా మారి దానిని పగులగొడుతుంది. గుంటలోపల, నీటికి పైభాగాన, మరొక జాతి బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడును గంధకికామ్లంగా మార్చి కాంక్రీటును తినివేస్తాయి. అందుచేత సల్ఫేటును తట్టుకొనే సిమెంటు, ప్లాస్టిక్ తొట్టి, ప్లాస్టిక్ గొట్టాలు ఇక్కడ శ్రేయస్కరం.

ఇక టీ కౌంటరు సింకు గురించి ఒక్క మాట. పాల మీగడ, వంట జిడ్డు వేడినీటిలో కరిగి దిగిపోయినట్లే కనిపిస్తాయి. చల్లని గొట్టంలో, గుంటలో మళ్ళీ గడ్డకడతాయి. ఫ్లోటులు ఇరుక్కోవడానికి ప్రధాన కారణాలలో ఇదొకటి. టీపొడిని వడగట్టి చెత్తబుట్టలో వేయడం, జిడ్డును కాగితంతో తుడిచి కడగడం మంచి అలవాట్లు.

సంగ్రహంగా

1. ముందు వీధిగొట్టపు లోతును కొలవండి. తరువాతనే నేలమాళిగలో పని ప్రారంభించండి. ఇంజనీరు సలహా, బలదియా అనుమతి, అద్దె ఇల్లయితే యజమాని అంగీకారం తప్పనిసరి.
2. వాలు చాలనప్పుడు గుంట, పంపు, నాన్‌రిటర్న్ వాల్వు, బిగువైన మూత, మేడమీదికి వెంట్ పైపు – ఈ అయిదింటిలో ఏ ఒక్కటి లోపించినా పని పూర్తి కానట్లే.
3. వారానికి ఒకసారి వాడని జాలీలన్నిటిలోను చెంబెడు నీళ్ళు పోయండి. సెలవులకు వెళ్ళేముందు లిక్విడ్ పారఫిన్ వేయండి.
4. ఆమ్లాన్ని, బ్లీచ్‌ను కలుపవద్దు. రెండిటిలో దేనినీ గుంటలో పోయవద్దు.
5. గుంటలోకి మనిషి దిగరాదు. దింపరాదు. తప్పనిసరైతే వాయువును కొలిచే పరికరం, గాలి పంపే ఏర్పాటు, నడుముకు త్రాడు, పైన కాపలా ఉన్న శిక్షితులైన సంస్థవారే ఆ పని చేయాలి. ఎవరైనా లోపల పడిపోతే వెంట దూకక, వెంటనే 112కు ఫోను చేయాలి.

2024 జూలైలో ఢిల్లీలోని రాజేంద్రనగర్‌లో ఒక శిక్షణ కేంద్రపు నేలమాళిగలోకి వాననీరు చొరబడి, సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొంటున్న ముగ్గురు విద్యార్థులు మరణించారు. నీటికి పల్లం తెలుసు. పల్లంలో మనుషులున్నారన్నది మాత్రం దానికి తెలియదు. ఆ సంగతి గుర్తుంచుకోవలసినది కట్టేవారు, కట్టించేవారు, అందులో నివసించేవారు. స్వదేశంలో ఇల్లు కట్టుకొంటున్న మన సభ్యులు సెల్లారులో ఒక గది వేయించాలనుకొన్నప్పుడు, ఈ సంవత్సరం వేసవి సెలవులకు బయలుదేరేటప్పుడు, ఈ నాలుగు మాటలను ఒకసారి తలచుకొంటే ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.